ఎడమచేతి మీట కత్తి

హాలోవెల్ క్రీక్, పెన్సిల్వేనియా
13 మార్చి 1989

చెల్లాయి వెర్నాకి, అన్నయ్య లోవెల్ గంతులేస్తూ రాస్తున్నాడు.

నిలబడి ఉంటే ముందు కుర్చీ లాక్కుని కూర్చో. క్లిఫర్డ్ బావ పక్కనే ఉంటే ఆయనకీ చదివి వినిపించు. నన్ను చూసి నవ్వుకునే అవకాశం పాపం ఆయనకి ఎన్నిసార్లు వస్తుంది?

నాన్న కత్తి దొరికింది.

శనివారం ఎరీలో కత్తుల సంతకి వెళ్ళాను. మీ వదిన బెర్నిస్ పోయాక వారానికోసారి చర్చి, నెలకోసారి సంత, ఇవే నా తిరుగుళ్ళు. ఒక మూల బల్ల దగ్గర ఎవరో ముసలాయన తుప్పు పట్టిన కత్తెరలూ, గరిటెలూ పరుచుకుని కునుకు తీస్తున్నాడు. వాటి మధ్య ఎర్రటి ఎముక పిడి ఒకటి కనిపించింది. మీట నొక్కితే తెరుచుకునే కత్తులకి ఆ మీట ఎప్పుడూ కుడి బొటనవేలు పడేచోట ఉంటుంది. దీనికి అవతలివైపు ఉంది! ఎడమచేతివాటం మీట కత్తిని ఏ ఫ్యాక్టరీ చేస్తుంది చెప్పు? కత్తుల ఫ్యాక్టరీలో రేకులు కత్తిరించే ప్రెస్సు కింద కుడిచెయ్యి పోయాక మన నాన్న కోసం, అక్కడే స్ప్రింగులు బిగించే హెర్మన్ ముసలాయన తన తీరిక వేళల్లో కూర్చుని చేసిచ్చాడు. ఇలాంటిది లోకంలో ఒక్కటే అని నాన్న ఊరంతా చెప్పుకునేవాడు. నీకు గుర్తుండే ఉంటుంది.

చేతిలోకి తీసుకుని మీట నొక్కాను. ఠక్కున లేచింది. ఆ ముసలాయన ఉలిక్కిపడి నిద్ర లేచాడు. ఎంతిచ్చావని మాత్రం అడక్కు.

ఇప్పుడు నా దగ్గర మీట కత్తులు నూట పదమూడు. ఒక్కోదానికి ఒక్కో గొంతు. ఒకటి దగ్గుతుంది, ఒకటి గొళ్ళెం పడ్డట్టు పలుకుతుంది, ఒకటి పెళ్ళాం మీద విసుక్కున్నట్టు చటుక్కుమంటుంది. సాయంత్రం పూట జనం రేడియో పెట్టుకుంటారు, నేను వీటిని ఒళ్ళో వేసుకుని వరసగా నొక్కుకుంటూ వింటాను. ఇంట్లో కప్పలు చేరాయని బెర్నిస్ ఎకసెక్కాలాడేది. ఇవన్నీ ఎందుకు పోగేశానో ఆమెకి కూడా చెప్పలేదు. ఆ ఒక్కదాన్ని వెతుకుతూ వెళ్ళినప్పుడల్లా ఉత్తచేతులతో తిరిగి రావడం ఇష్టంలేక కొన్నవే ఇవన్నీ.

నీకు తెలియని సంగతి ఒకటి చెబుతాను. నువ్వు కెనడా వెళ్ళింది మంగళవారం. దానికి ముందు ఆదివారం నేను నాన్న కత్తి తీసుకుని వాగుకి చేపలకి వెళ్ళాను. తిరిగి తెచ్చి ఇంట్లో పెట్టానో, వాగులో జారవిడిచానో నాకు గుర్తులేదు. బుధవారానికి కత్తి లేదు. నడుంలోతు నీళ్ళలో దిగి మూడు రోజులు వెతికాను. పోగొట్టింది నేనే. ఈ ముప్పై ఏడేళ్ళూ ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు తెచ్చాను. నాన్న ఉంటే ఆయన చేతిలో పెట్టేవాణ్ణి, అదొక్కటే లోటు.

నా బొటనవేళ్ళు కీళ్ళవాతంతో మొరాయిస్తున్నాయి. మామూలు మడతకత్తి బ్లేడు గాడిలో గోరు దూర్చి తెరవడం ఇక నా వల్ల కాదు. మీటే నాకు దిక్కు.

బరువు దించుకున్న నీ అన్నయ్య,
లోవెల్


ఓవెన్ సౌండ్, ఆంటారియో
27 మార్చి 1989

అన్నయ్యా,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. ఇక్కడింకా మంచు కరగలేదు. కరుగుతున్న చోటల్లా మా వంటింటి కప్పులోంచే కరుగుతోంది. క్లిఫర్డ్ గిన్నెలు పెట్టి, ఏ గిన్నె ఎంతసేపట్లో నిండుతుందో చూస్తూ కూర్చుంటున్నాడు. నిచ్చెన ఎక్కమంటే నడుం నొప్పట. విత్తనాల బంగాళాదుంపలకి మొలకలొచ్చాయి, పాతడానికి నేల మాత్రం రాయిలా ఉంది.

కత్తి దొరికినందుకు సంతోషం. నీకు తృప్తిగా ఉంటే నాకదే చాలు. దాన్ని విప్పడం, రుద్దడం లాంటివేమీ పెట్టుకోకు. ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచుకో.

ఒక్కమాట అడుగుతాను. నువ్వు పోగొట్టావని నాన్న ఎప్పుడైనా అన్నాడా? నోటితో అన్నాడా, నువ్వే అనుకున్నావా?

వేళ్ళకి వేడి నీళ్ళ కాపడం పెట్టు. ఉప్పు వేసుకో.

నీ
వెర్నా


హాలోవెల్ క్రీక్
9 ఏప్రిల్ 1989

మా చల్లని చెల్లెలికి,

నీ ఉత్తరం చదువుతూ స్టవ్ ఆరిపోయిందేమోనని లేచి చూశాను, అంత చల్లగా ఉంది. నాన్న కత్తి దొరికిందంటే నాలుగు వాక్యాలా! మీ కప్పు కారడానికి అంతకంటే ఎక్కువ రాశావు. సరేలే, నీకు కత్తులంటే మొదట్నించీ పడదు.

నాన్న నోటితో అనలేదు. ఒక్కమాట కూడా అనలేదు. అదే నా బాధ.

నువ్వు వెళ్ళిన మర్నాడు మధ్యాహ్నం భోజనం గంట కొట్టాక ఫ్యాక్టరీ నుంచి ఇంటికి వచ్చాను. నాన్న వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆయన ఆపిల్ చెక్కుకునే పలక గుర్తుందిగా, కాయ కదలకుండా గుచ్చడానికి మూడు మేకులు కొట్టుకున్నది? దాని మీద ఆపిల్ గుచ్చి ఉంది. జేబులోంచి ఒక మామూలు మడతకత్తి తీసి నాకేసి చాపాడు. "ఇది తెరువు" అన్నాడు. కట్టుడు పళ్ళతో పట్టుకుని తెరవలేడు, ఉన్నది ఒక్క చెయ్యి. నేను తెరిచి ఇచ్చాను. మీట కత్తి ఏదని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఇద్దరికీ తెలుసు అనుకున్నాను.

మర్నాడూ అంతే. ఆ తరవాత "తెరువు" అనడం కూడా మానేశాడు, ఊరికే చాపేవాడు. పన్నెండున్నరేళ్ళు, వెర్నా! రోజూ మధ్యాహ్నం నేను వెళ్ళడం, ఆయన చాపడం, నేను తెరవడం. చెక్కి సగం నాకిచ్చేవాడు. ఆ సగం ముక్క తల దించుకుని నమిలేవాణ్ణి. నువ్వు చేసింది నేను మర్చిపోలేదు అని రోజూ చెబుతున్నట్టుండేది. హెర్మన్‌ని అడిగితే ఇంకోటి చేసి ఇచ్చేవాడే కదా? అడగలేదు. నన్ను శిక్షించడానికే అడగలేదు. బెర్నిస్ వాళ్ళన్న ఒహాయోలో నాకు మంచి పని చూశాడు. నాన్నకి కత్తి ఎవరు తెరుస్తారని వెళ్ళలేదు. బెర్నిస్ ఆ సంగతి చచ్చేదాకా ఎత్తిపొడిచింది, ఆమె తప్పు కాదు.

ఆయన పోయాక పొగాకు డబ్బాలో ఒక్క సెంటు నాణెం దొరికింది. కాగితంలో శ్రద్ధగా చుట్టి ఉంది. 1931 నాటిది. నాకంటూ మిగిల్చింది అదే అనుకుని నవ్వుకున్నాను, నిజంగా నవ్వు రాలేదు. ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

అవన్నీ అయిపోయాయి. మే 20న లైబ్రరీలో మా కత్తులవాళ్ళ సంఘం ప్రదర్శన. నా గాజుపెట్టె నడిమధ్య ఆ ఒక్క కత్తి పెడతాను. కింద కార్డు రాసి ఉంచాను: "ఒంటిచేతి ఏమస్ స్టాన్‌బ్రో కత్తి. కొడుకు పోగొట్టాడు, కొడుకే తెచ్చాడు." ఊరంతా చదవాలి. నువ్వు పక్కన నిలబడాలి. బస్సు టిక్కెట్టు నేను పంపుతాను.

ఇంకోటి. నాన్న కత్తి మొన ఆపిళ్ళు చెక్కి చెక్కి గుండ్రంగా అరిగిపోయిందని నాకు గుర్తు. దీని మొన నిండుగా ఉంది. మధ్యలో ఎవరో కొత్త బ్లేడు వేయించి ఉంటారు, అలా చేసేవాళ్ళున్నారు. ఆ ఠక్కు కూడా కాస్త పొడిగా ఉంది. స్ప్రింగు ముసలిదైంది, మనలాగే.

టిక్కెట్టు కోసం ఎదురుచూడమంటూ,
లోవెల్


ఓవెన్ సౌండ్
20 ఏప్రిల్ 1989

అన్నయ్యా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చించాను. టిక్కెట్టు పంపకు, నేను రాలేను.

నిన్ను బతిమాలుతున్నాను, ఆ కార్డు మీద నాన్న పేరు రాయకు. ఒంటిచెయ్యి మాటా రాయకు. ప్రదర్శనలో ఇంకేదైనా కత్తి పెట్టు, నూట పన్నెండున్నాయిగా. కారణం అడగకు. అది కాగితం మీద పెట్టే ధైర్యం నాకింకా రాలేదు.

నాన్న నిన్ను శిక్షించే మనిషి కాడు. ఆ మధ్యాహ్నాల గురించి నువ్వనుకుంటున్నది తప్పు. నేను చెప్పే మాట నమ్ము.

వెర్నా


హాలోవెల్ క్రీక్
30 ఏప్రిల్ 1989

వెర్నా,

కారణం అడగను, నాకు తెలుసు. నాన్న మొండిచెయ్యి నీకు నామోషీ. నీ స్నేహితురాళ్ళు ఇంటికొస్తుంటే "నాన్నా, కోటు తొడుక్కో" అని వెంటపడేదానివి. ఎండాకాలంలో కూడా ఆ కోటు ఖాళీ చెయ్యి జేబులో దోపుకుని చెమటలు కక్కుతూ కూర్చునేవాడు. ఆ సంగతి కెనడా వెళ్ళి నువ్వు మర్చిపోయావేమో, నేను మర్చిపోలేదు. ఆయన పోయినప్పుడూ రాలేదు, మంచు అన్నావు. పన్నెండున్నరేళ్ళు కత్తి తెరిచింది నేను. ఆ మధ్యాహ్నాలేమిటో నీకెలా తెలుస్తుంది?

నీ నోరు మూయించాలని ఒక పని చేశాను. ఎవరికి చేసిన కత్తి అయితే వాళ్ళ పొడి అక్షరాలు పిడి లోపలి ఇత్తడి రేకు మీద సూదితో గీసేవాడు హెర్మన్. నేను ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను, నాకు తెలుసు. పాత కత్తి పిడి ఊడదీయడం మా వాళ్ళలో మహాపాపం, ఒకసారి ఊడదీస్తే దాన్నిక ఎవడూ ముట్టుకోడు. అయినా తెగించాను. నాన్న పేరు రేకు మీద చూపించి, ఫొటో తీసి నీ మొహాన కొట్టాలనుకున్నాను.

"వి.కె." అని ఉంది.

ఎవడో ఇంకో ఒంటిచేతి వాడు. యుద్ధం నుంచి వచ్చినవాడేమో. హెర్మన్ రెండోది కూడా చేశాడన్నమాట. అయితే నాన్నది వాగులోనే ఉంది. నేనే పడేశాను.

కార్డు స్టవ్‌లో వేశాను. ప్రదర్శనకి వెళ్ళడంలేదు. కత్తులన్నీ ఎరీ వ్యాపారికి అమ్మేస్తున్నాను, మే నెలాఖరుకి వచ్చి పట్టుకుపోతాడు. ఇన్నేళ్ళు ఏదో వెతుకుతున్నానన్న ఆశతో లేచి తిరిగాను. ఇక దేనికోసం లేవాలో తెలియడంలేదు.

లోవెల్


ఓవెన్ సౌండ్
8 మే 1989

మా అన్నయ్యకి,

నువ్వు తిట్టినవన్నీ పడతాను. ఇది చదివి ఇంకో నాలుగు తిట్టు. కానీ చివరిదాకా చదువు.

నాన్న కత్తి వాగులో లేదు. నా దగ్గరుంది. మా పిండి డబ్బా అడుగున, గుడ్డలో చుట్టి, ముప్పై ఏడేళ్ళుగా ఉంది.

నువ్వు పోగొట్టలేదు. ఆదివారం వాగు నుంచి వచ్చి రొట్టెల డబ్బా పక్కన పెట్టావు. నా కళ్ళతో చూశాను. చేప పొలుసులు కూడా కడగలేదు. "వీడు కత్తిని చేపలబజారు చేశాడు" అని నాన్న గొణుక్కుంటూ కుళాయి కింద పెట్టాడు. సరిగ్గా వదల్లేదేమో, బ్లేడు మడత దగ్గర ఒక పొలుసు ఇప్పటికీ అంటుకుని ఉంది. గోరుతో గీకి తీసేయబోయి ఎన్నోసార్లు ఆగాను.

మంగళవారం నన్ను బస్సెక్కించడానికి నాన్న కోటు తొడుక్కుని వచ్చాడు. జూన్ ఎండలో! నేను అడక్కుండానే, నా కోసం. నువ్వు రాసింది నిజమే, చిన్నప్పుడు కోటు తొడుక్కోమనేదాన్ని. దానికి నేను ఏడవని ఏడాది లేదు. ఆ రోజు మాత్రం "నాన్నా, కోటు విప్పెయ్" అన్నాను. అందరి ముందూ విప్పాడు. విప్పి, జేబులోంచి కత్తి తీసి నా చేతిలో పెట్టాడు. "ఒక్కదానివి ఎక్కడికో పోతున్నావు. ఒక చేత్తో పెట్టె పట్టుకుంటావు, రెండో చేత్తో ఇది తెరుచుకుంటుంది" అన్నాడు. నేను వద్దన్నాను. "ఊరికే ఇవ్వట్లేదే పిచ్చిపిల్లా, కత్తి ఊరికే ఇస్తే బంధం తెగుతుంది. ఒక సెంటు ఇయ్యి" అన్నాడు. చిల్లరంతా నా అరచేతిలో పోసుకుని చాపాను. ఒక్కొక్కటే కళ్ళ దగ్గర పెట్టుకుని చూసి, నేను పుట్టిన ఏడాది వేసి ఉన్నదాన్ని ఏరుకున్నాడు.

అన్నయ్యా, నీ దగ్గరున్న సెంటు అదే.

"లోవెల్‌గాడికి దీని మీద కన్నుంది. చిన్నబుచ్చుకుంటాడు. వాడికి నేనే మెల్లగా చెబుతాను, నువ్వు రాయకు" అన్నాడు. చెప్పే ఉంటాడనుకున్నాను. తరవాత చెప్పలేదని తెలిసింది. ఆయన పోయాక నేను చెబితే, ఆయన నీకివ్వాల్సింది నేను పట్టుకుపోయానని నువ్వంటావని భయం. ఏళ్ళు గడిచేకొద్దీ ఇంకా భయం. నువ్వు పోగొట్టాననుకుని కుమిలిపోతున్నావని మార్చిలో నీ ఉత్తరం చూసేదాకా నాకు తెలియదు. అప్పటికి నీకు ఒక కత్తి దొరికింది, గంతులేస్తున్నావు. అబద్ధపు కత్తయినా నీ బరువు దింపిందిగా, నేనెందుకు చెడగొట్టాలి అనుకున్నాను. ఊరందరి ముందు నాన్న పేరు పెట్టి వేరేవాడి కత్తి నిలబెడతావనేసరికి తట్టుకోలేకపోయాను.

ఆయన పోయినప్పుడు నిజంగానే నాలుగు రోజులు రోడ్లు మూసేశారు. ఆ నాలుగు రోజులూ ఈ కత్తితో ఆపిళ్ళు చెక్కుతూ కూర్చున్నాను, తినేవాళ్ళు లేకపోయినా.

ఇప్పుడు అసలు సంగతి. నాన్న ఎడమచేత్తో వంకరటింకరగా రాసిన ఉత్తరాలు నా దగ్గర పదకొండున్నాయి. 1956 అక్టోబరులో వచ్చినదాన్ని ఉన్నదున్నట్టు దించుతున్నాను:

"వెర్నా తల్లీ, ఈ ఏడు ఆపిళ్ళు విరగకాశాయి. మీ అన్న రోజూ గంట కొట్టగానే వస్తాడు. నేను కత్తి చాపుతాను, వాడు తెరిచిస్తాడు. చెరిసగం తింటాం. వాడూ మాట్లాడడు, నాకూ మాటలు చేతకావు. మీ అమ్మ ఉన్నప్పుడు మాటలన్నీ ఆవిడే చూసుకునేది. హెర్మన్ ఇంకో మీట కత్తి చేసిస్తానని నా ప్రాణం తీస్తున్నాడు. వద్దన్నాను. అది ఉంటే వాడికి నాతో పనేముంటుంది? పెళ్ళయినవాడు, ఊరికే రమ్మంటే ఎన్నాళ్ళు వస్తాడు? పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఆ గంట కోసమే చూస్తుంటాను. ఇది వాడికి రాయకు, నవ్వుతాడు. నీ కత్తి సంగతి కూడా ఇప్పుడే చెప్పను. చెబితే ఇంకోటి చేయించి తెస్తాడు."

చదివావా? అదీ ఆయన వేసిన శిక్ష.

కత్తి నీది. కానీ ఎలా పంపను? ఇక్కడ మీట కత్తి ఇంట్లో ఉండటమే నేరం. పదేళ్ళుగా క్లిఫర్డ్ సరస్సులో పారేయమని గోల. పోస్టులో పెడితే, సరిహద్దులో బఫెలో వంతెన దగ్గర పట్టుకుంటే, ముక్కలు చేసేస్తారు. రిటైరయిన నర్సుని, జైలుకి భయపడను. దానికేమైనా అవుతుందనే భయపడతాను. నువ్వు చెప్పినట్టు చేస్తాను.

ఎరీ వాడికి నీ కత్తులు ఇవ్వకు.

తిట్టినా సరే, రాయడం మాత్రం మానకు.

నీ చెల్లెలు
వెర్నా


హాలోవెల్ క్రీక్
16 మే 1989

వెర్నా తల్లీ,

నాన్న నిన్నలా పిలిచేవాడని ఇన్నేళ్ళకి గుర్తొచ్చింది.

నీ ఉత్తరం మొదటిసారి చదివి తిట్టాను. గట్టిగానే, పక్కింటివాళ్ళ కుక్క మొరిగేదాకా తిట్టాను. రెండోసారి నాన్న ఉత్తరం దాకా వచ్చి ఆగిపోయాను. పన్నెండున్నరేళ్ళు ఆ వంటింట్లో తల దించుకుని నమిలాను, వెర్నా! ఒక్కసారి తలెత్తి ఆయన మొహం చూసినా తెలిసేది. ఆయన గంట కోసం చూస్తుండేవాడట. ఆ గంట కొట్టకుండా ఉంటే బాగుండునని ఫ్యాక్టరీలో నేను గడియారం కేసి చూస్తుండేవాణ్ణి.

డబ్బా తీసి సెంటు చూశాను. కత్తి ఇస్తే సెంటు పుచ్చుకోవాలని మా సంఘంలో చేరిన ప్రతివాడికీ మొదటిరోజే పాఠం చెప్పేది నేనే. బహుమతి ఇచ్చే ప్రతి కత్తికీ సెంటు అంటించి ఇస్తాను, అవతలివాడు దాన్నే తిరిగి నా చేతిలో పెట్టడానికి. నాన్న డబ్బాలో చుట్టిపెట్టిన సెంటు ఇరవై నాలుగేళ్ళు నా సొరుగులో ఉంది. ఎందుకుందో నాకు తట్టలేదు. పైగా పీనాసి ముసలాడని నవ్వుకున్నాను.

కత్తి పంపకు. అది నీది, వెల ఇచ్చి తీసుకున్నావు, రుజువు నా దగ్గరుంది. పొలుసు మాత్రం గీకకు.

ఎరీ వాడికి రావద్దని చెప్పాను. వి.కె. కత్తికి పిడి మళ్ళీ బిగించాను. ఎవరి నాన్నదో, వాళ్ళూ వెతుకుతుంటారేమో. శనివారం ప్రదర్శనకి పట్టుకెళ్ళి, వాళ్ళెవరో తెలిస్తే చెప్పమని కార్డు రాసి పెడతాను.

ఈ ఊరు దాటి నేనెక్కడా రాత్రి పడుకుని ఎరగనని బెర్నిస్ వెక్కిరించేది. బుధవారం 24న పొద్దున్న బస్సెక్కుతున్నాను. గురువారం పదకొండింటికల్లా మీ ఊళ్ళో ఉంటాను. ఆ ఠక్కు ఒక్కసారి విని, మళ్ళీ నీ పిండి డబ్బాలో పెట్టేద్దాం. బావని ఆ కాసేపు కప్పు ఎక్కించు.

నేనూ ఒక కత్తి తెస్తున్నాను. మీట కత్తి కాదులే, వంతెన దగ్గర ఎవరూ పట్టుకోరు. నాన్న నాకేసి చాపిన ఆ మామూలు మడతకత్తి. నా బొటనవేళ్ళతో అది తెరుచుకోవడంలేదు. గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి ఒక ఆపిల్ తీసి పెట్టు. నేను కత్తి చాపుతాను, నువ్వు తెరిచి ఇయ్యి. ఏమీ మాట్లాడకు. సగం నీకిస్తాను.

మీ అన్నయ్య
లోవెల్